అబూ రియాద్ గడపకు పసుపు

రెడ్డెమ్మ పోయిన పదకొండో నాడు, పంక్తిలో కూచున్న ఆమె మరిది కొడుకు ఒకడు "పెద్దమ్మ కువైట్‌లో ఇరవై ఆరేండ్లు అంట్లు తోమింది, పాపం" అన్నాడు. ఆ 'పాపం' అన్న మాటకు నాకు ఒళ్ళు మండింది. వాడి నోట్లో అన్నం ముద్ద ఉంది కాబట్టి ఊరుకున్నాను. రెడ్డెమ్మ అంట్లు తోమిన మాట నిజమే. నేనూ తోమాను. కానీ ఆ చేతులతోనే ఆమె తుపాకులు పట్టుకున్న ఐదుగురు మగవాళ్ళకు అడ్డం నిలబడి, వాళ్ళు పట్టుకుపోతున్న మనిషిని వెనక్కి తెచ్చింది. అది కళ్ళారా చూసినవాళ్ళలో ఈ తట్టు మిగిలింది నేనొక్కతెనే. మూడో తరగతితో ఆగిపోయిన చదువు నాది. అక్షరాలు వంకరగా ఉంటే ఉండనీ, జరిగింది తిన్నగానే రాస్తాను.

రెడ్డెమ్మది రాయచోటి పక్కన పల్లె. అప్పట్లో అది కడప జిల్లా. ముందు పుట్టిన ఇద్దరు బిడ్డలు దక్కకపోతే వాళ్ళమ్మ రెడ్డెమ్మ కొండకు పోయి మొక్కుకుందట. ఆ తర్వాత పుట్టింది కాబట్టి అమ్మవారి పేరే పెట్టారు. వేరుశనక్కాయ చేలల్లో కలుపు తీస్తూ పెరిగింది. పదహారేళ్ళకు పెళ్ళి చేశారు. ఏడేళ్ళు గడిచాక మొగుడు ఇంకొకామెను ఇంటికి తెచ్చి, రెడ్డెమ్మను చూపించి "అక్కా అని పిలువు" అన్నాడట. రెడ్డెమ్మ ఆ కొత్తామెతో "నన్ను అక్కా అనే పని లేదులేమ్మా, నేను పోతాండా" అని చెప్పి చెంబు కింద పెట్టి బయటికి వచ్చేసింది.

"ఏడ్చినావా మే?" అని నేనొకసారి అడిగాను.

"యాడ్సేదానికి టైం యాడిది? బస్సు పోతాదని ఉరికినా" అన్నది.

తర్వాత కొన్నేళ్ళకు ఒక ఏజెంటును పట్టుకొని, బొంబాయి మీదుగా కువైట్‌కు చేరింది. సల్వాలో ఒక పెద్దింట్లో వంటకు కుదిరింది. ఆ ఇంటామె భర్త అప్పటికే పోయాడు. ఆయనకు మిర్కాబ్‌లో బట్టల అంగడి ఉండేది. ఇద్దరు కూతుళ్ళకూ పెళ్ళిళ్ళయిపోయాయి. ఇంటామెను మామా అని పిలవడం అక్కడ పనిచేసే మాకందరికీ అలవాటు.

వచ్చిన మొదటి రోజే మామా ఆమెకు మరియం అని పేరు పెట్టింది. అది అక్కడ మామూలే. ఎదురింట్లో నన్ను పదేళ్ళు ఫాతిమా అని పిలిచారు, నేను పలికాను కూడా. రెడ్డెమ్మ పలకలేదు. మామా మూడు రోజులు గొంతు చించుకుని అరిచినా వంటింట్లో గరిటె కదల్లేదు. నాలుగో రోజు మామా నోరు వంకర్లు తిప్పి "రద్దీమా" అన్నది. అప్పుడు ఈమె చేతులు తుడుచుకుంటూ వచ్చి "ఏం మామా" అన్నది.

దాచిపెట్టడం ఎందుకు, రెడ్డెమ్మకూ నాకూ అంతగా పొసిగేది కాదు. నేను చేసిన సంగటిలో ఉండలున్నాయని వీధిలో తెలుగు వాళ్ళందరికీ చెప్పిన మనిషి ఆమె. ఉండలుండేవి. అయినా అందరికీ చెప్పాలా?

మామా ఇంటికి ఆనుకుని ఇంకొక విల్లా ఉండేది. దాని పక్కనే ఆ విల్లా వాళ్ళదే రెండు గదుల చిన్న ఇల్లు, దానికి వీధిలోకి ఒకటే ఇనుప తలుపు. అందులో అబూ రియాద్, ఆయన భార్య ఉమ్ రియాద్ బాడుగకు ఉండేవాళ్ళు. వాళ్ళది పాలస్తీనా. ఉన్న ఊరు పోగొట్టుకున్న తల్లిదండ్రుల వెంట చిన్నప్పుడే వచ్చాడట. అల్ రాయ్‌లో కార్లు బాగుచేసే షెడ్డులో పని. ముప్పై ఏళ్ళుగా కువైట్‌లోనే ఉన్నా, మాలాగే ఎప్పటికప్పుడు ఇఖామా అనే అనుమతి కాగితం రాయించుకుంటేనే ఆ దేశంలో ఉండనిచ్చేది.

కువైట్ వాళ్ళదీ పాలస్తీనా వాళ్ళదీ ఒకే భాష, ఒకే నమాజు. ఎదురుపడితే ఒకరికొకరు సలాములు చెప్పుకునేవాళ్ళు. చాటున అనుకునే మాటలు మాత్రం వేరు. కువైట్ ఇళ్ళలో "పిలిచి అన్నం పెట్టింది మేము" అనేవాళ్ళు. పాలస్తీనా ఇళ్ళలో "రోడ్లేసింది, పిల్లలకు చదువు చెప్పింది మేము" అనేవాళ్ళు. ఆ రెండు మాటలూ నేను వంటింట్లో నిలబడి విన్నవే. టీ అందించేవాళ్ళకు చెవులు ఉండవని అందరి నమ్మకం.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చి పడింది. వారం తిరక్కుండా నా కఫీల్, అంటే నన్ను పనికి పెట్టుకున్న యజమాని, పెళ్ళాం పిల్లల్ని కారులో ఎక్కించుకుని ఎడారి దారిన సౌదీకి పోయాడు. నా పాస్‌పోర్టు ఆయన సంచిలోనే పోయింది. నాకు మాత్రం ఇంటి తాళాలిచ్చి జాగ్రత్త అన్నాడు. మామా కూతుళ్ళు పోయారు, అన్న కొడుకు బదర్ పోయాడు. మామా కదల్లేదు. "నా మొగుడు కట్టించిన ఇల్లు. నేను పోతే వీళ్ళు దీనికి ఇంకో పేరు పెడతారు" అన్నది.

ఆ నెలాఖరులో మన వాళ్ళను బస్సుల్లో బయటికి పంపిస్తున్నారని తెలిసింది. రాయచోటి తట్టు గంగాధర అక్కడే ఒక ఇంట్లో డ్రైవరు. రెడ్డెమ్మను తీసుకుపోదామని వచ్చాడు.

"రెడ్డెమ్మక్కా, మూట కట్టు. బాగ్దాదు మీద అమ్మానుకు బస్సు, ఆడ్నుంచి విమానం. తెల్లారితే పోతాండాం."

"ముసలామె ఒగతే ఉండాది గదరా. చెక్కర జబ్బు. పొద్దున ఏ మాత్రో, మాపున ఏ మాత్రో దానికే తెలీదు."

"ఆయమ్మ నీకేమన్నా అమ్మా, అత్తా?"

"అత్తయింటే ఎప్పుడో ఇడిచిపెట్టి వచ్చుందును. పో నువ్వు, బస్సు పోతాది."

గంగాధర పోయాడు. పాస్‌పోర్టు లేకున్నా చీటీ రాసి పంపుతున్నారని నాకు తెలిసేసరికి ఆ బస్సులూ పోయాయి. నేను ఎదురింటికి తాళం వేసి రెడ్డెమ్మ వంటింట్లో చేరాను. నాది ధైర్యమని ఎవరూ అనుకోవద్దు.

సైనికులు ఎవరి ఇల్లూ కనుక్కోకూడదని జనం వీధి పేర్ల పలకలు పీకేశారు, గోడల మీది ఇంటి నంబర్లు చెరిపేశారు. చలి మొదలయ్యే ముందు కొత్త హుకుం వచ్చింది. కార్లకు కువైట్ నంబరు తీసేసి ఇరాక్ నంబరు కట్టుకోవాలి, లేకుంటే పెట్రోలు పొయ్యరు. వీధిలో చాలామంది కార్లను షెడ్లలో పెట్టి టైర్లు ఊడదీసుకున్నారు. అబూ రియాద్ పోయి నంబరు మార్చుకొచ్చాడు.

మామా కిటికీలోంచి చూసింది. ఆయన గేటు దగ్గరికి వచ్చి "హజ్జా, పెట్రోలు లేకపోతే మనకెవరికీ ఏదీ రాదు" అని చెప్పబోయాడు. హజ్‌కు పోయివచ్చిన పెద్దామె కాబట్టి ఆయన ఎప్పుడూ హజ్జా అనే పిలిచేవాడు. మామా గేటు ధడేలున వేసింది.

"ఆ బండిలో వచ్చిన గింజ కూడా నా ఇంట్లోకి రాకూడదు" అని మాతో అన్నది. "వాడితో మీరు మాట్లాడినట్టు తెలిసిందో, ఖలాస్, బయటికి నడవండి."

రెడ్డెమ్మ తల ఊపింది. మరుసటి రోజు నుంచి వంటింటి వెనక గోడ మీదుగా సరుకు దిగడం మొదలైంది. పిండి, గ్యాసు, అన్నిటికన్నా ముందు మామా మాత్రలు. ఉన్న మందుల షాపులు సగం మూతపడ్డాయి. ఆ మాత్రల కోసం అబూ రియాద్ ఊరంతా తిరిగేవాడు. సంక్రాంతి దాటాక బాంబులు మొదలై కుళాయిలు ఎండిపోతే నీళ్ళ క్యాన్లు కూడా ఆ గోడ మీదుగానే వచ్చాయి. మామా అడిగినప్పుడల్లా రెడ్డెమ్మ "మసీదు కాడ పంచుతాండారు" అనేది. కన్నార్పకుండా అనేది. మామా ఆ నీళ్ళు తాగి, ఆ మాత్రలు మింగి, మసీదు వాళ్ళకు దీవెనలు పెట్టేది.

బాంబులకు ముందే, నవంబరులో ఒక గురువారం సైనికులు లారీ తీసుకొచ్చి పక్క విల్లా తలుపులు పగలగొట్టారు. ఫ్రిజ్జులు, తివాచీలు, పైకప్పుకు వేలాడే దీపాలతో సహా ఎక్కించారు. తర్వాత మామా గేటు ముందుకొచ్చారు. మేమిద్దరం లోపల మామాను వంటింట్లో కూచోబెట్టి తలుపు సందులోంచి చూస్తున్నాం. అబూ రియాద్ గ్రీసు చేతులతో వచ్చి సైనికులకు అడ్డం నిలబడ్డాడు. లోపల ముసలామెకు అంటుకునే జబ్బుందనీ, కొంచెం దూరంగా ఉండమనీ ఏదో చెప్పాడు. వాళ్ళు ముక్కులకు గుడ్డలు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయారు.

మరునాడు శుక్రవారం. పొద్దున్నే రెడ్డెమ్మ బకెట్టుతో అబూ రియాద్ ఇంటికి పోయింది. ఆ ఇనుప తలుపు కింది గడపనూ అటూ ఇటూ తెల్ల సిమెంటు గోడనూ కడిగింది. పసుపు తడిపి గడపకు మందంగా పూసింది, గోడకు అటూ ఇటూ అరచెయ్యంత పూసింది. ట్రంకు పెట్టె అడుగున ఊరి నుంచి తెచ్చుకున్న కుంకుమ భరిణె ఉండేది. దాంతో బొట్లు పెట్టింది. మధ్యలో పెద్దది, చుట్టూ నాలుగు చిన్నవి.

ఉమ్ రియాద్ బయటికి వచ్చి వేలితో తాకి వాసన చూసింది.

"ఇది అన్నంలో వేసేది కదా?"

"అన్నంలో ఏస్తే కడుపు సల్లగుంటాది. గడపకు పూస్తే ఇల్లు సల్లగుంటాది" అన్నది రెడ్డెమ్మ.

ఉమ్ రియాద్ నవ్వి, సరే కానీ అన్నది. అట్లా ప్రతి శుక్రవారం సాగింది. మామా ఇంటికి కూడా పూసింది, కాకపోతే చాటుగా. వంటింటి వెనక తలుపు లోపలి తట్టు, కింద, బియ్యం డ్రమ్ము అడ్డం ఉన్న చోట. నాకు భయమేసింది.

"ఏందిమే ఇది? మన దేవుని పనులు ఈళ్ళ ఇండ్లల్లోనా? తెలిస్తే తన్ని తరుముతారు."

"నేను దేవుని పెట్లేదే. గడపకు పసుపు పెట్టినా. గడపకు మతమేంది?"

ఆ చలికాలమంతా వీధిలో ఇళ్ళు ఒకటొకటిగా దోచుకుపోయారు. మామా ఇంటినీ ఆ చిన్న ఇంటినీ మాత్రం ముట్టలేదు. పసుపు మహిమ అని నేను అనను. ఆ రెండు గదుల్లో మోసుకుపోవడానికి ఏముంది? మామా ఇంట్లో జబ్బుందనే మాట లారీ వాళ్ళలో పాకి ఉంటుంది. కానీ మిగిలిన ఇళ్ళ వాళ్ళు ఊరుకుంటారా? తమ ఇల్లు గుల్లయిన మనిషికి పక్కవాడి ఇల్లు నిండుగా కనపడితే కారణం కావాలి. వాళ్ళకు కారణం గోడ మీదే కనపడింది. పచ్చగా, ఎర్ర చుక్కలతో. ఇతను మనవాడు, ముట్టొద్దు అని సైన్యం వేసిన గుర్తని ఒకరి నోట పుట్టి వీధంతా పాకింది. మాకు ఆ సంగతి తెలియదు. తెలిసి ఉంటే రెడ్డెమ్మ ఏం చేసేదో గానీ, నేనైతే బకెట్టు తీసుకుని కడిగేసేదాన్ని.

ఫిబ్రవరి చివర్లో ఇరాక్ సైన్యం పారిపోయింది. వీధుల్లో పాటలు, గాలిలోకి తుపాకులు. నూనె బావులు తగలబెట్టి పోయారు గదా, ఆ పొగకు పట్టపగలే దీపాలు పెట్టుకున్నాం. ఆరేసిన గుడ్డల మీద మసి పడేది. మార్చిలో బదర్ తిరిగొచ్చాడు. చేతికి కాపలా దళం గుడ్డపట్టీ, భుజాన తుపాకి. మామాను కౌగిలించుకుని ఏడ్చాడు. రెడ్డెమ్మ చేసిన అన్నం తిన్నాడు. మూడో రోజు తనలాంటి వాళ్ళను నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు.

పొద్దున పది గంటలు దాటింది. కేకలు విని గేటు దగ్గరికి పోయేసరికి అబూ రియాద్‌ను బనియన్ మీదే బయటికి లాగారు. చేతులు వెనక్కి కట్టారు. ఉమ్ రియాద్ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఇరాక్‌తో కలిశారని అట్లా పట్టుకుపోయిన పాలస్తీనా వాళ్ళు కొందరు తిరిగి రాలేదని ఆ వారంలోనే విన్నాం. ఆయన ముఖం చూస్తే ఆ సంగతి ఆయనకూ తెలుసని కనపడుతోంది.

బదర్ ఆయన్ను మామా గేటు ముందుకు నడిపించుకొచ్చాడు. అక్కడి మాటలన్నీ అరబీలోనే నడిచాయి. నాకు మాత్రం మన మాటలోనే గుర్తున్నాయి, అట్లానే రాస్తున్నాను.

"అత్తా, ఏడు నెలలు వీడి పక్కింట్లో ఉన్నావు. వీడు వాళ్ళతో కలిశాడా లేదా? నీ మాట మీద ఉంది. బండికి వాళ్ళ నంబరు. గోడ మీద వాళ్ళ గుర్తు. ఊరంతా దోచుకున్నారు, వీడింట్లో చెంచా కూడా పోలేదు."

మామా అబాయా సర్దుకుంది. అబూ రియాద్ వైపు చూడలేదు.

"గుర్తు సంగతి నాకు తెలియదు. నంబరు మాత్రం మార్చాడు. ఆ రోజు నుంచి నేను వీడితో మాట్లాడలేదు."

"చాలు. యల్లా, నడువు" అన్నాడు బదర్.

ఉమ్ రియాద్ నా వైపు చూసింది. నాకు అన్నీ తెలుసు. నీళ్ళ సంగతి తెలుసు, మాత్రల సంగతి తెలుసు, పసుపు సంగతి తెలుసు. నేను తల దించుకుని నా చెప్పులు చూసుకున్నాను. ఈ మాట ముప్పై ఏళ్ళకు పైగా ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

రెడ్డెమ్మ పిండి చేతులతో నన్ను పక్కకు నెట్టి ముందుకు పోయింది.

"ఆగు బదరూ. ఆ గుర్తు ఇరాకోళ్ళది గాదు. నాది."

"నువ్వు లోపలికి పో."

"పోతా. చెప్పినాక పోతా. ఆ పసుపు నేను పూసింది, ఆ బొట్లు నేను పెట్టినవి. ప్రతి శుక్రవారం."

తుపాకి ఉన్నవాడొకడు నవ్వాడు. "సైన్యం పనిమనిషితో గుర్తులు పెట్టించిందన్నమాట."

"నా చేత పని చేయించేంత మొగోడు ఆ సైన్యంలో లేడు" అన్నది రెడ్డెమ్మ. వాడిని పైనుంచి కిందికి చూసి, "ఈ సైన్యంలో గూడా లేడు" అన్నది.

"అబద్ధం. వీణ్ణి కాపాడాలని చెబుతోంది" అన్నాడు బదర్.

రెడ్డెమ్మ ఇంట్లోకి పోయింది. పారిపోయిందనే అనుకున్నాను. పసుపు డబ్బా, కుంకుమ భరిణె, చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆ నీళ్ళు అప్పటికి మాకు తాగడానికే చాలవు. మామా గేటుకు రెండు తట్లా తెల్ల పాలరాతి స్తంభాలు. వాటి ముందు గొంతుక్కూచుని, పసుపు తడిపి, అరచెయ్యి నిండా తీసుకుని పాలరాతి మీద పూసింది. బొట్లు పెట్టింది. మధ్యలో పెద్దది, చుట్టూ నాలుగు.

"సూడు. కండ్లు బాగా తెరిచి సూడు. ఆడిదీ ఈడిదీ ఒగటేనా, కాదా?"

ఐదుగురూ అటు చూశారు, ఇటు చూశారు. చెయ్యి ఒకటే కాబట్టి పూత ఒకటే. 

"ఇప్పుడు మీ అత్త ఇల్లు గూడా ఇరాకోళ్ళదేనా? ఈమె చేతులు గూడా ఎనక్కి కట్టు. తాడు సాలకుంటే నేనిస్తా."

"నా గేటు మీద!" అని మామా అరిచింది. "నా ఇంటి మీద నీ పూజలు!"

"గేటు మీద ఇప్పుడే పెట్టినా మామా. లోపల నాలుగు నెల్ల నుంచి ఉండాది. రాండి, అందరూ రాండి."

నిజంగానే నడిపించుకుని పోయింది. వంటింట్లో తుపాకుల వాళ్ళు, మామా, తాడుతో అబూ రియాద్, వెనక ఉమ్ రియాద్. రెడ్డెమ్మ బియ్యం డ్రమ్ము లాగింది. తలుపు అడుగున వారం మీద వారం పూసిన పసుపు గోరు మందాన పేరుకుని ఉంది, బొట్ల మీద బొట్లు. 

"ఇది గాక నంబరు సంగతి ఉండాది" అన్నది రెడ్డెమ్మ. ఈసారి గొంతు పెంచలేదు. "మామా, నువ్వు మింగిన మాత్రలు మసీదు కాడ పంచినవి గాదు. నువ్వు తాగిన నీళ్ళు గూడా గాదు. ఆ బండిలో వచ్చి, ఈ గోడ మీద దిగినాయి. నువ్వు దీవెనలు పెట్టింది ఈయనకే. ఆ నంబరు కట్టకుంటే పెట్రోలు లేదు. పెట్రోలు లేకుంటే మాత్రల్లేవు. మాత్రలు లేకుంటే ఈ బదరు సౌదీ నుంచి వచ్చి నిన్ను సమాధి కాడ సూసేవాడు. నీకు అబద్ధం చెప్పింది నేను. నన్ను పంపించు, ఇఖామా చించు, నీ ఇష్టం. ఈయన్ను మాత్రం పట్టకపొయ్యేది లేదు."

నేను అప్పుడు నోరు తెరిచాను. "నిజమే మామా" అన్నాను. అంతే. నాకు చేతనయింది అంతే.

మామా ఆ తలుపు నుంచి అబూ రియాద్ వైపు తిరిగింది. నాలుగు నెలల్లో మొదటిసారి ఆయనతో మాట్లాడింది.

"నువ్వేనా తెచ్చింది?"

"మా అమ్మకూ చక్కెర జబ్బే ఉండేది హజ్జా. ఆ మాత్రల పేరు నాకు ముందే తెలుసు" అన్నాడు అబూ రియాద్.

"చేతులు విప్పు" అన్నది మామా.

"అత్తా, నంబరు మార్చిన మాట నిజమే కదా..."

"నువ్వు సౌదీలో ఉన్నావు. నేను ఇక్కడ ఉన్నాను. చేతులు విప్పు."

బదర్ విప్పలేదు. అవమానమైంది వాడికి. తాడు కొస కింద పడేసి బయటికి పోయాడు. ముడి విప్పింది రెడ్డెమ్మే. ఆమె పిండి, పసుపు ఆయన మణికట్లకు అంటుకున్నాయి.

ఆ సాయంత్రం మామా "గేటు కడుగు" అని ఒక్క మాట అన్నది.

"గేటు కడుగుతా. అది నీది. ఆయన గడప కడగను, ఈ తలుపు కడగను" అన్నది రెడ్డెమ్మ.

ఆమెను ఊరికి పంపించేస్తారని నేను గట్టిగా నమ్మాను. తొమ్మిది రోజులు మామా ఆమెతో మాట్లాడలేదు. అన్నం మాత్రం తిన్నది. మాత్రలు తానే వేసుకోబోయి రెండుసార్లు తప్పు వేసుకుంది. పదో రోజు చెయ్యి చాపి, ముఖం అటు తిప్పుకుని, "ఇయ్యి" అన్నది. రెడ్డెమ్మ ఇచ్చింది. బియ్యం డ్రమ్మును మళ్ళీ ఆ తలుపుకు అడ్డంగా జరిపింది మామానే. కనపడకుండా ఉంటే చాలనుకుందేమో.

అబూ రియాద్‌ను ఎవరూ మళ్ళీ పట్టుకోలేదు. కానీ షెడ్డు వాళ్ళు పనిలోకి తీసుకోలేదు, ఇఖామా తిరిగి రాయలేదు. ఆయనలాంటి వాళ్ళు వేలమంది ఆ ఎండాకాలంలో అమ్మానుకు మూటలు కట్టారు. జూన్‌లో ఒక పొద్దున ఆయన కారు మీద పరుపులు కట్టుకున్నాడు. వీధిలో తలుపులన్నీ మూసే ఉన్నాయి. ముప్పై ఏళ్ళున్న ఊళ్ళో ఆయన్ను సాగనంపడానికి వచ్చింది ఇద్దరు పనిమనుషులం.

"రెడ్డెమ్మా, నీ కోసం నేనేమీ చెయ్యలేకపోయాను" అన్నాడు. ఆయన మొదటి నుంచీ ఆ పేరు సరిగ్గానే పలికేవాడు.

"సేసింది సాల్లే అన్నా. నిదానంగా తోలు" అన్నది.

కారు మలుపు తిరిగిందో లేదో, పక్క విల్లా యజమాని గేటు తెరుచుకుని వచ్చాడు. ఆయన కూడా సౌదీ నుంచి తిరిగొచ్చినవాడే. వెనక నౌకరు ఒకడు, చేతిలో నీళ్ళ పైపు, చీపురు. "అంతా కడిగెయ్. మొదట ఆ గడప" అన్నాడు.

రెడ్డెమ్మ పోయి గడప మీద కూచుంది.

"లే" అన్నాడు ఆయన.

"లెయ్యను. మా తట్టు మనిషి ఊరికి పోతే ఎనకాలే ఇల్లు కడగరు. సచ్చినోళ్ళను ఎత్తకపోయినాకే కడుగుతారు. ఈ ఇంట్లో ఎవురూ సావలేదు. వాళ్ళు సరిహద్దు దాటినాక కడుక్కో."

"ఇది నా ఇల్లు!"

"కాదన్నానా? రెండు గంటలాగు."

ఆయన నౌకరును నీళ్ళు వదలమన్నాడు. వాడు మా ఇద్దరినీ చూసి ఆగాడు. నేను పోయి ఆమె పక్కన కూచున్నాను. ఈసారి ఎవరూ నన్ను నెట్టలేదు, నా అంతట నేనే పోయాను.

"జరుగుమే, గడపంతా నువ్వే ఉండావు" అన్నది.

యజమాని కేకలకు మామా కర్ర పట్టుకుని బయటికి వచ్చింది. ఆయన చెప్పిందంతా విన్నది. మా ఇద్దరినీ చూసింది.

"నా ఇంట్లోనే నా మాట వినదు. నీ మాట వింటుందా?" అన్నది ఆయనతో. "రెండు గంటలే కదా, ఆగరాదా" అని లోపలికి పోయింది. ఆయన పైపు అక్కడే పడేసి తలుపు వేసుకున్నాడు.

ఎండ నెత్తిన మండుతోంది. నౌకరు నీడకు పోయి కూచున్నాడు. మధ్యాహ్నం నమాజు పిలుపు వినపడేదాకా మేము లేవలేదు. అప్పుడు రెడ్డెమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, చీర దులుపుకుని, ఆ నౌకరుతో "దాటింటారు. ఇంగ నీ పని నువ్వు సూసుకో" అన్నది. మామాకు మాత్రల వేళయిందని గబగబా లోపలికి పోయింది.